కీమోకి నోరు పూస్తే ఏ నీళ్లతో పుక్కిలించాలి?

క్యాన్సర్‌కి కీమో మందు ఎక్కించిన రోజు నోరు బాగానే ఉంటుంది. అయిదారు రోజులకు బుగ్గల లోపల ఎర్రబడి మంట మొదలవుతుంది, పది రోజులయ్యేసరికి పుండ్లు తేలతాయి. నోటి లోపలి పొరలో కణాలు చకచకా పుడుతుంటాయి, మందు దెబ్బ వాటికీ తగులుతుంది. ఫైవ్-ఎఫ్‌యూ, మెథోట్రెక్సేట్, డాక్సోరుబిసిన్ అనే కీమో మందులతో ఈ బాధ ఎక్కువ. మామూలుగా రెండు మూడు వారాల్లో అదే మానుతుంది. అందాకా నోరు శుభ్రంగా, తడిగా ఉంచి నొప్పి తగ్గించడమే మౌత్‌వాష్ పని. ఘాటుగా ఉంటేనే పనిచేస్తుందనుకోవడం దగ్గరే చాలామంది దెబ్బతింటారు.

ముందు కావాల్సింది వంటింట్లోనే ఉంది. కాచి చల్లార్చిన నీళ్లు లీటరుకి ఒక టీస్పూన్ వంట సోడా, అర టీస్పూన్ ఉప్పు. బేకింగ్ పౌడర్ కాదు, అందులో పులుపు కలిసి ఉంటుంది. ఉప్పు ఎక్కువైతే పుండు భగ్గుమంటుంది, కాబట్టి చేతి అంచనా వద్దు, చెంచాతో కొలవండి. ఏ రోజువి ఆ రోజే కలుపుకోవాలి. ఒక గుక్క తీసుకుని అర నిమిషం మెల్లగా బుగ్గల్లో తిప్పి ఉమ్మేయాలి, మింగకూడదు. తిన్న ప్రతిసారీ, పడుకునే ముందు, మొత్తం మీద రోజుకి అయిదారు సార్లు. సోడా జిగురు లాలాజలాన్ని పలచబరుస్తుంది, పులుపును విరిచేస్తుంది. మందు మౌత్‌వాష్ ఏదైనా ఉంటే దీనితో పుక్కిలించాకే వాడండి.

నొప్పికి డాక్టర్లు తరచూ బెంజిడమైన్ 0.15 శాతం అనే నొప్పి తగ్గించే మౌత్‌వాష్ రాస్తారు. 15 మి.లీ. అర నిమిషం నోట్లో ఉంచి ఉమ్మేయాలి. మరీ మండితే అంతే నీళ్లు కలుపుకోవచ్చు. తిమ్మిరెక్కించే లిగ్నోకైన్ జెల్లీ లాంటి ద్రవంతో మాత్రం జాగ్రత్త. గొంతు మొద్దుబారితే మెతుకు ఊపిరితిత్తుల వైపు పోవచ్చు, వేడి తెలియక నాలుక కాలుతుంది, బుగ్గ కొరుక్కున్నా తెలియదు. తిమ్మిరి పూర్తిగా దిగాకే తినాలి.

క్రిములను చంపే క్లోర్‌హెక్సిడిన్ మౌత్‌వాష్ చిగుళ్లకు మంచిదే. కీమో పుండును అది మాన్పదు, పైగా పళ్లకు గోధుమరంగు మరకలు పట్టి రుచి చెడుతుంది. ఆల్కహాల్ ఉన్న మౌత్‌వాష్ అయితే ఇంట్లోంచే తీసేయండి.

ఒకసారి టార్చి వేసి చూడండి. నాలుక మీద పెరుగు ముక్కల్లా తెల్లని పొర ఉండి, గుడ్డతో తుడిస్తే లేచివచ్చి కింద ఎర్రగా కనిపిస్తే, అది ఫంగస్ కావచ్చు. దానికి నిస్టాటిన్ లాంటి మందు కావాలి. క్లోర్‌హెక్సిడిన్‌తో కలిపి వాడితే రెండూ ఒకదాన్నొకటి చెడగొట్టుకుంటాయి. కట్టుడు పళ్లుంటే తీసి కడగకుండా ఏ మందూ పనిచేయదు.

ఫైవ్-ఎఫ్‌యూ ఒకేసారి సూదిగా ఇస్తుంటే, అయిదు నిమిషాల ముందు నుంచి అరగంట ఐస్ ముక్కలు చప్పరించడం మేలు చేస్తుంది. ఆక్సాలిప్లాటిన్ అనే ఇంకో కీమో మందు కూడా ఉంటే వద్దు, అది ఎక్కినవాళ్లకి చలి గిట్టదు.

జ్వరం 100.4 డిగ్రీల ఫారన్‌హీట్‌కి చేరినా, మంచినీళ్లు కూడా మింగలేకపోయినా, పుండు నుంచి రక్తం ఆగకపోయినా, అది అర్ధరాత్రయినా సరే ఆసుపత్రికి వెళ్లాల్సిందే. నోరు పూసిన ఆ రోజుల్లోనే, క్రిములతో పోరాడే రక్తంలోని తెల్లకణాలు అట్టడుగున ఉంటాయి.