బీర్‌గంజ్ గేటు దగ్గర ఒక కుక్కర్

నేపాల్ వెళ్ళొచ్చానంటే అందరూ మొదట అడిగేది ఎవరెస్టు కనిపించిందా అని. కనిపించలేదు. పశుపతినాథ్ గుడి, స్వయంభూ, పాటన్ దర్బార్ అన్నీ చూశాను కానీ వాటి గురించి రాసినవాళ్ళు వెయ్యి మంది ఉన్నారు. నా బుర్రలో ఇప్పటికీ తిరుగుతున్నది బీహార్ చివరి ఊరు రక్సౌల్ నుంచి నేపాల్ వైపు బీర్‌గంజ్‌కి దాటిన ఆ కాస్త దూరం, ఆ తర్వాత సుమోలో కొండెక్కడం. విమానం టికెట్టు ధర చూసి కళ్ళు తిరిగి రైలెక్కాను కాబట్టి ఈ సంగతులు దొరికాయి. లేకపోతే నేనూ ఎవరెస్టు ఫొటోలే పెట్టేవాణ్ణి.

వెళ్ళింది 2024 నవంబరు చివర. రక్సౌల్ గురించి చెప్పడానికి దుమ్ము తప్ప ఏమీ లేదు. అంతకన్నా పెద్ద చికాకు వంద నోట్లది. 2018 డిసెంబరులో నేపాల్ మన రెండొందలు, ఐదొందలు, రెండు వేల నోట్లని నిషేధించింది. నేను వెళ్ళేనాటికి చెల్లేది వంద, అంతకన్నా చిన్నవే. మన ఏటీఎంలలో ఎన్నిసార్లు కొట్టినా వచ్చేవి ఐదొందలే. విశాఖలో బ్యాంకు చుట్టూ తిరిగి సంపాదించిన వంద నోట్ల కట్టలు నడుముకి చుట్టుకుని, దొంగసొమ్ము మోస్తున్నవాడిలా బయల్దేరాను.

రక్సౌల్‌లో ఈ-రిక్షాలు కుప్పలుగా ఉన్నా, ఒక పక్కన ఇంకా కొన్ని టాంగాలు నిలబడి ఉన్నాయి. అచ్చం మన జట్కాలే. ముచ్చటపడి ఎక్కాను. నాతోపాటు అరవై దాటిన ఒక పెద్దావిడ ఎక్కింది. చేతిలో గుడ్డమూట, ఒళ్ళో ప్రెషర్ కుక్కర్. కూతుర్ని బీర్‌గంజ్‌లో ఇచ్చిందట, మొన్ననే కాన్పయిందట. ఆ పక్క జిల్లాల్లో ఇది మామూలే. సగం ఊళ్ళకి అల్లుళ్ళు అవతల, కోడళ్ళు ఇవతల. 1950 ఒప్పందం పుణ్యమా అని పాస్‌పోర్టు, వీసా గొడవ లేదు. బండెక్కి వెళ్ళిపోవడమే.

మనిషి వెళ్ళిపోతాడు సరే, కుక్కర్ వెళ్ళదు. వంద నేపాలీ రూపాయలు దాటిన వస్తువు ఏది తెచ్చినా భన్సార్, అంటే సుంకం, కట్టాలని రూలు. 1993 నుంచీ మన వందకి వాళ్ళ నూట అరవై అని మారకం స్థిరంగా ఉంది కాబట్టి, ఆ వంద మన లెక్కలో అరవై రెండున్నర. అరవై రెండున్నరకి ఏమొస్తుందండీ? ఒక సబ్బు, ఒక బిస్కట్ పొట్లం. ఎప్పట్నుంచో పుస్తకాల్లో ఉన్న ఈ రూలుని 2023లో గట్టిగా బయటికి తీశారు, సరిహద్దు ఊళ్ళ జనం రోడ్డెక్కారు. తర్వాత కొన్నాళ్ళు కఠినం, కొన్నాళ్ళు చూసీచూడనట్టు. ఏ రోజు ఏ మూడ్‌లో ఉంటారో తెలియదని టాంగావాడు అన్నాడు.

పెద్దావిడకి మాత్రం టెన్షన్ ఏమీ లేదు. "పాతదే బాబూ, ఇంట్లో వాడిందే" అని నాకే ముందు రిహార్సల్ చేసి చూపించింది. కుక్కర్ తిప్పి అడుగు చూపించింది. నల్లగా మసి. పొద్దున్నే కట్టెల పొయ్యి మీద పెట్టి పప్పు ఉడికించి తెచ్చిందట. అంతా బాగానే ఉంది కానీ మూత మీద కంపెనీ స్టిక్కర్ తళతళా మెరుస్తోంది. చెప్పాలా వద్దా అని నేను తటపటాయిస్తుండగానే మైత్రీ వంతెన దాటేశాం, గేటు వచ్చేసింది.

చెక్ చేసే కుర్రాడికి పాతికేళ్ళు కూడా ఉండవు. నా సంచీ పైపైన తడిమి వదిలేశాడు. కుక్కర్ దగ్గర ఆగాడు. అడుగు చూశాడు, మూత చూశాడు, మళ్ళీ అడుగు చూశాడు. "పాతదా అమ్మా?" అన్నాడు భోజ్‌పురీలో. "నా పెళ్ళప్పటిది" అందావిడ, కళ్ళార్పకుండా. పక్కన నిలబడ్డ ఇంకొకతను ముఖం తిప్పుకుని నవ్వాడు. కుర్రాడు మూత తీశాడు. లోపల గుడ్డలో చుట్టిన లిట్టీలు (సత్తుపిండి కూరిన ఉండలు), చంటిపిల్లకి ఆవదం సీసా. ఒక లిట్టీ తీసి అతనికే ఇవ్వబోయింది. వద్దని, గోరుతో ఆ స్టిక్కర్ పట్టుకుని సగం దాకా పీకి, "మిగతాది నువ్వు పీక్కో" అన్నాడు. బండి కదిలింది. వెనకాల సైకిల్ మీద రెండు దుప్పట్లతో వచ్చినవాడికి అంత అదృష్టం పట్టలేదు. పక్కకి రమ్మన్నారు.

లారీలు ఈ దారిన రావు. వాటికి ఊరికి దూరంగా సమీకృత చెక్‌పోస్టు ఉంది. మన డబ్బుతో కట్టిన బీర్‌గంజ్ వైపు భాగాన్ని 2018లో ప్రారంభించారు. టన్నుల కొద్దీ సరుకు వెళ్ళడానికి అంత ఏర్పాటు చేసిన రెండు దేశాలూ కుక్కర్ దాటడానికి ఒక పద్ధతి పెట్టుకోలేకపోయాయి.

బీర్‌గంజ్‌లో టీ తాగి వంద నోటు తీయబోతే, కొట్టువాడు క్యూఆర్ కోడ్ అట్ట చూపించాడు. 2024 మార్చి నుంచి మన యూపీఐ నేపాల్ దుకాణాల్లో పనిచేస్తోంది. రక్సౌల్ టవర్ సిగ్నల్ ఇంకా తగులుతూనే ఉండటంతో స్కాన్ చేసిన మరుక్షణం డబ్బు వెళ్ళిపోయింది. నడుముకి కట్టుకున్న కట్టలు వెక్కిరించినట్టనిపించింది.

అదే బల్ల మీద కూర్చున్న ఒకాయన, మా ఊరు వైజాగ్ అనగానే లేచి కరచాలనం చేశాడు. నేపాల్‌లో వైజాగ్ పేరు వినగానే ఇంత సంబరపడే మనిషి దొరుకుతాడని నేననుకోలేదు. సిర్సియా డ్రై పోర్టులో క్లియరింగ్ ఏజెంటట. సముద్రం లేని దేశానికి రేవు అక్కడే, రైలు పట్టాలు నేరుగా లోపలికి వెళ్తాయి. పూర్వం నేపాల్ సరుకంతా కలకత్తా, హల్దియాల మీదుగానే వచ్చేది. 2016లో మన విశాఖ రేవుకీ అనుమతి ఇచ్చారు. కలకత్తా నుంచి రైలు దారి 700 కిలోమీటర్లు, వైజాగ్ నుంచి దానికి రెట్టింపు. అయినా వైజాగ్ ఎందుకు అంటే, హుగ్లీ నదిలో లోతు చాలదు. పెద్ద ఓడలు అక్కడికి రావు, సరుకు వేరే రేవులో దించి చిన్న ఓడలకి మార్చాలి. మా దగ్గర లోతుకి కొదవ లేదు. రేవులోనే ఎలక్ట్రానిక్ సీలు వేస్తారు, బీర్‌గంజ్‌లోనే విప్పుతారు, దారిలో పెట్టె ఎవరూ తెరవరు. ఇన్నేళ్ళుగా గాజువాక వైపు తిరుగుతూ కంటెయినర్ రైళ్ళు చూస్తున్నాను, వాటిలో కొన్ని ఇక్కడికి వస్తాయని ఎన్నడూ ఆలోచించలేదు. ఆయన టీ డబ్బులు నన్ను ఇవ్వనివ్వలేదు, అప్పటికే ఇచ్చేశానంటే రెండో టీ చెప్పాడు.

సుమో డ్రైవరుతో కథ వేరు. ఛార్జీ చెప్పాడు, బాగానే ఉందనుకుని ముందు సీట్లో కూర్చున్నాక "ఐసీ" అన్నాడు. ఐసీ అంటే మన రూపాయలు, ఎన్‌సీ అంటే వాళ్ళవి. ఒక్క అక్షరంతో రేటు అరవై శాతం పెరిగింది. కాసేపు వాదించి ఎన్‌సీకే ఒప్పించాను. ఆ దారిలో వెళ్ళేవాళ్ళు ఏ బేరమైనా ముందు అది తేల్చుకోండి.

సిమరా, పథలయ్యా దాటాక అడవి మధ్యలో అమ్లేఖ్‌గంజ్. రోడ్డు పక్కనే చమురు డిపో ట్యాంకులు. మన మోతీహారీ నుంచి ఇక్కడికి 69 కిలోమీటర్ల పైపులైను వేశారు. దక్షిణాసియాలో దేశం దాటిన తొలి పెట్రోలియం పైపు ఇదే. 1996లో అనుకున్నది 2019 సెప్టెంబరులో పూర్తయింది. అంతకుముందు డీజిల్ అంతా ట్యాంకర్లలో, రక్సౌల్ ట్రాఫిక్‌లో ఇరుక్కుంటూ వచ్చేది. ఇందులో తమాషా ఒకటుంది. 2021లో మన దగ్గర పన్నులతో పెట్రోలు రేటు మండిపోయినప్పుడు నేపాల్ బంకుల్లో చవక. బీహార్ కుర్రాళ్ళు డబ్బాలు పట్టుకుని ఇటు వచ్చి నింపుకుపోయేవారు. మన చమురు కంపెనీ అమ్మిన ఇంధనమే సైకిళ్ళ మీద తిరిగి మన ఊళ్ళకి చేరింది.

ఆ ట్యాంకులు చూపించి నేనేదో మెచ్చుకోలుగా అన్నాను. అంతే, డ్రైవరు 2015 ఎత్తాడు. ఏప్రిల్లో భూకంపం, సెప్టెంబరులో కొత్త రాజ్యాంగం, ఆ వెంటనే నాకాబందీ, అంటే సరిహద్దు దిగ్బంధం. 2016 ఫిబ్రవరి దాకా సరిహద్దు నుంచి ఇంధనం సరిగా రాలేదు. పెట్రోలు కోసం క్యూలో బండిలోనే పడుకున్నానని, గ్యాస్ సిలిండర్ సగమే నింపి ఇస్తే దానికీ కొట్టుకున్నామని చెప్పాడు. "పైపు వేసినవాళ్ళ చేతిలోనే కదా వాల్వు కూడా ఉంది, దాజూ (అన్నా)" అన్నాడు. వెనక సీట్లో బీర్‌గంజ్ బట్టల వ్యాపారి, సరిహద్దు మైదానాల్లో ఉండే మధేసీ, ఊరుకోలేదు. "వంతెన మీద కూర్చున్నది మేము. మా మధేసీలకి రాజ్యాంగంలో అన్యాయం జరిగితే ఇంకెక్కడ కూర్చోవాలి?" ఢిల్లీ కూడా అప్పట్లో అదే చెప్పింది, ఆపింది మేం కాదు ఆందోళనకారులని. ఖాట్మండు నమ్మలేదు. ఇద్దరూ హెటౌడా దాకా అరుచుకుని, అక్కడ ఒకే బల్ల మీద దాల్‌భాత్ తిన్నారు. రెండోసారి అన్నం వడ్డించుకుంటే డబ్బు అడగరు, అదొక్కటీ ఆ ప్రయాణంలో గిట్టుబాటైంది.

హెటౌడా తర్వాత రోడ్డు సెప్టెంబరు వరదలకి బాగా దెబ్బతింది. కులేఖానీ జలాశయం దగ్గర ఆగినప్పుడు వ్యాపారి నన్ను మా ఊరి గురించి అడిగాడు. హుద్‌హుద్ గురించి చెప్పాను: 2014 అక్టోబరు 12, రోజుల తరబడి కరెంటు లేదు, చెట్లన్నీ నేలమట్టం. అతను నా మాట మధ్యలో ఆపి, ఆ పేరు మాకూ తెలుసన్నాడు. అదే తుపాను బలహీనపడుతూ ఉత్తరానికి వచ్చి, రెండు రోజులకి అన్నపూర్ణ కొండల్లో మంచై కురిసింది. తోరోంగ్ లా కనుమ పరిసరాల్లో 40 మందికి పైగా చనిపోయారు. పదేళ్ళుగా హుద్‌హుద్ మా ఊరి కష్టం అనుకుంటున్నాను. దాని రెండో సగం ఇక్కడ జరిగింది.

ఇక కరెంటు మాట. ఒకప్పుడు నేపాల్‌లో చలికాలం రోజుకి పదహారు గంటలు కోత ఉండేది. ఇప్పుడు వానాకాలంలో నదులు నిండినప్పుడు మిగులు, దాన్ని మనకి అమ్ముతారు. చలికాలంలో నదులు తగ్గగానే మన దగ్గర కొంటారు. నేను వెళ్ళడానికి ముందే, నవంబరు 15న, మన లైన్ల మీదుగా బంగ్లాదేశ్‌కి 40 మెగావాట్లు పంపారు. ఒప్పందం ప్రకారం ఏటా జూన్ 15 నుంచి నవంబరు 15 దాకానే అమ్మకం కాబట్టి, తొలి ఏడాది ఆ ఒక్క రోజుతో సరి. మూడు దేశాలు సంతకాలు పెట్టడానికి పట్టిన కాలంతో పోలిస్తే నవ్వొస్తుంది కానీ, కరెంటు వెళ్ళిందా లేదా అంటే వెళ్ళింది.

ఖాట్మండులో థమేల్‌కి నడుస్తుంటే త్రిదేవీ మార్గ్‌లో సార్క్ సచివాలయం కనిపించింది. 1987 నుంచి అక్కడే ఉంది. ఎనిమిది దక్షిణాసియా దేశాల ఈ కూటమికి శిఖరాగ్ర సమావేశం చివరగా జరిగింది 2014లో, ఇదే ఊళ్ళో. 2016లో ఇస్లామాబాద్‌లో జరగాల్సింది రద్దయ్యాక మళ్ళీ లేదు. సభ్య దేశాలు తమలో తాము చేసుకునే వ్యాపారం మొత్తంలో 5 శాతం దగ్గరే ఆగింది. 2014 సమావేశంలో కుదరని, వాహనాలు సరిహద్దులు దాటే ఒప్పందాన్ని మనం, నేపాల్, భూటాన్, బంగ్లాదేశ్ 2015లో విడిగా రాసుకుంటే, దాన్ని భూటాన్ ఎగువ సభ తిరస్కరించింది. నాకు అర్థమైనంత వరకు ఇక్కడ నడుస్తున్నవి ఇద్దరు ముగ్గురు కూర్చుని వేసుకున్న పైపులు, తీగలు, పట్టాలే. గేటు ముందు సెల్ఫీ తీసుకుందామనుకున్నాను, ఎండగా ఉందని మానేశాను.

తిరుగు ప్రయాణం ఎలక్ట్రిక్ వ్యాన్‌లో. సుంకం తక్కువ కావడంతో నేపాల్ నిండా చైనా ఎలక్ట్రిక్ బళ్ళే. శబ్దం లేదు, సీటు మెత్తన, ఛార్జీ మాత్రం సుమో కన్నా ఎక్కువ. డ్రైవరు ముప్పై లోపు కుర్రాడు, 2015లో బళ్ళో చదువుకునేవాడట. అమ్లేఖ్‌గంజ్ ట్యాంకుల పక్కనుంచి వెళ్తూ వాటి వంక చూడనైనా చూడలేదు. "నా బండి మా నది నీళ్ళతో నడుస్తుంది, నాకు ఏ వాల్వుతోనూ పనిలేదు" అన్నాడు గర్వంగా. మరి స్పేర్ పార్టులో అన్నాను. ముఖం మారిపోయింది. అవి ఉత్తరాన చైనా నుంచి, తాతోపానీ, రసువాగఢీ సరిహద్దు దారుల్లో రావాలి. వానల్లో కొండచరియలు పడితే అవీ మూతపడతాయి. ఎడమ వైపు అద్దం విరిగి వానాకాలం నుంచి ఎదురుచూస్తున్నాడట, ఇంకా రాలేదు. తల తిప్పి చూస్తే నిజమే, అద్దం ఉండాల్సిన చోట ఇనప కడ్డీ ఉంది. ఘాట్ దిగేముందు చెప్పి ఉంటే బస్సెక్కి ఉండేవాణ్ణి.