చపాతీ పిండి ప్లూటో

పన్నెండు కావస్తోంది, నిద్ర పట్టట్లేదు. కారణం చెబితే ఈయన నవ్వుతారు, అందుకే ఇక్కడ.

చిన్నాడి స్కూల్లో ఇవాళ సైన్స్ ఎగ్జిబిషన్. వాడిది ప్లూటో, దానికి తోడుగా తిరిగే షారన్, ఆ జంట. బీసెంట్ రోడ్డులో కొన్న థర్మోకోల్ బంతులు మరీ తేలికైపోయి తూకం కుదరక, చివరికి నిన్న రాత్రి నేను కలిపిన చపాతీ పిండి మీద పడ్డాడు. నాలుగు సెంటీమీటర్ల ఉండ ప్లూటో, రెండు సెంటీమీటర్లది షారన్ (అసలువి 2,377 కి.మీ., 1,212 కి.మీ.), చీపురుపుల్లకి ఆ కొసన ఒకటి, ఈ కొసన ఒకటి, మధ్య ఎడం 33 సెంటీమీటర్లు. దారం ఎక్కడ కడితే పుల్ల సమంగా నిలుస్తుందా అని జరుపుతూ పోతే, పెద్ద ఉండ లోపల కాదు, దానికి కాస్త బయట నిలిచింది! అసలు సంగతే అది. షారన్ ఒక్కటే ప్లూటో చుట్టూ తిరగదు, రెండూ కలిసి ప్లూటోకి బయటున్న బిందువు చుట్టూ తిరుగుతాయి, 6.4 రోజులకో చుట్టు, ఎప్పుడూ ఎదురెదురుగా. "రెండు చపాతీల పిండి దండగ" అన్నారు అత్తయ్య.

మార్కులేసే సారు వచ్చి చార్టు మాత్రం చూసి, 'జంట' అన్న మాటకి ఎర్ర పెన్నుతో సున్నా చుట్టి 'షారన్ ఉపగ్రహం' అని రాసి, పక్క బల్ల మీద అగ్నిపర్వతం దగ్గరికి వెళ్లిపోయారు. ఫస్ట్ ప్రైజ్ దానికే. ఏటా దానికే, వంటసోడా, వెనిగర్.

నాన్న ఉంటే ఎంత గొడవ చేసేవారో. 2006 ఆగస్టులో సెరిస్, షారన్, అప్పటికింకా పేరు పెట్టని ఎరిస్‌ని కలిపి గ్రహాలు పన్నెండు చేద్దామని ప్రతిపాదన వచ్చింది కదా, గుంటూరులో బ్రాడీపేట ఇంటి అరుగు మీద కూర్చోబెట్టి ట్యూషన్ పిల్లల చేత ఆ పన్నెండూ వల్లె వేయించారు. తీరా 24న ప్రేగ్‌లో ఖగోళ శాస్త్రవేత్తలు ఓట్లేసి ఎనిమిదికి దించేశారు. ప్లూటోకే దిక్కులేదు, షారన్ ఊసు ఎవడికి! ఎదురింటి బాబాయి గేటు దగ్గర్నుంచే "మాస్టారూ, మీ గ్రహాల్ని పీకేశార్ట" అని అరిచాడు. నాన్న ఆ పూట కాఫీ ముట్టలేదు. "ఇప్పుడు ఎన్ని రాయాలి మాస్టారూ" అని ఒకడడిగితే "మార్కులెన్నింటికి వేస్తే అన్ని" అన్నారు. అంత నిష్ఠూరంగా ఆయన మాట్లాడగా నేను మళ్లీ వినలేదు.

అయినా ఇదంతా రాస్తుంటే అనిపిస్తోంది, ఆ సారు రాసిందీ అబద్ధం కాదు. అధికారికంగా ఇప్పటికీ షారన్ ఉపగ్రహమే. అంటే నా మంట ఆ ఎర్ర పెన్ను మీద కాదు. దారం పట్టుకుని ఒక్కసారి తిప్పి చూడొచ్చుగా? వేలితో తోస్తే పెద్ద ఉండ కూడా కుదురుగా ఉండదు, అదీ చిన్న గుండ్రం చుడుతుంది, అది చూపించడానికేగా వాడు పొద్దున్నుంచీ నిలబడింది. 1978లో జేమ్స్ క్రిస్టీ అనే ఖగోళ శాస్త్రవేత్తకి ఫోటోల్లో ప్లూటో పక్కన బొడిపె కనబడితే, ఫోటో పాడైందిలే అని వదిలెయ్యకుండా పాతవి కూడా తీసి చూశాడు కాబట్టే షారన్ దొరికింది.

వాడికి మాత్రం చీమ కుట్టినట్టయినా లేదు. మళ్లీ ఏడాది సిలా, నూనమ్ చేస్తాడట. నెప్ట్యూన్ అవతలి మంచు జంట, ఇంచుమించు ఒకే సైజు, దారం దాదాపు నట్టనడుమే కట్టాలి. వాటిలో ఉపగ్రహం ఏదో ఆ సారునే పిలిచి రాయమంటాను.