మాస్టారి ‘దట్’ పాఠం

తొమ్మిదో తరగతిలో నాకు ఇంగ్లీష్ గ్రామర్ పీరియడ్ అంటే టెన్షన్. అందులోనూ ‘దట్’. ఒక చోట దాన్ని రిలేటివ్ ప్రొనౌన్ అంటారు, అంటే ముందున్న నామవాచకం బదులు నిలబడే మాట. ఇంకో చోట కంజంక్షన్ అంటారు, అంటే వాక్యాలను కలిపే మాట. స్పెల్లింగ్ అదే, పలకడమూ అంతే. ముందు నామవాచకం ఉంటే రిలేటివ్ ప్రొనౌన్, క్రియ ఉంటే కంజంక్షన్ అని నాకు నేనే ఒక గుర్తు పెట్టుకున్నాను. యూనిట్ టెస్టులో ఆ గుర్తే నన్ను ముంచింది.

పేపర్లు ఇచ్చిన రోజు మాస్టారు బోర్డు మీద రెండు ముక్కలు రాశారు. ‘ద ఫ్యాక్ట్ దట్ ఐ నో’. దాని కిందే ‘ద ఫ్యాక్ట్ దట్ ఐ నో హిమ్’. రెండింట్లోనూ ‘దట్’ ముందున్నది నామవాచకమే. ఆయన ‘దట్’ వరకూ అరచేయి అడ్డం పెట్టి, మిగిలింది చదవమన్నారు. ‘ఐ నో’.

“ఏం తెలుసురా?”

మాట వెలితిగా ఉంది. ఆ వెలితి పూడ్చేది ‘దట్’. ‘నో’కి కర్మ అదే, కాబట్టి రిలేటివ్ ప్రొనౌన్. చెయ్యి కింది వరసకి జరిగింది. ‘ఐ నో హిమ్’. ఏ లోటూ లేదు. ఇక్కడ ‘దట్’ది కలిపే పని ఒక్కటే, కంజంక్షన్.

“ఇప్పుడు తెలుగులో చెప్పు” అన్నారు.

“నాకు తెలిసిన నిజం.” రెండోది? “అతను నాకు తెలుసన్న నిజం.”

‘తెలిసిన’ కింద, ‘అన్న’ కింద గీతలు గీశారు. ‘తెలిసిన’ లాంటి ధాతుజ విశేషణం, అంటే క్రియ నుంచి పుట్టిన విశేషణం, నేరుగా వస్తే రిలేటివ్ ప్రొనౌన్. ‘అని’, ‘అనే’, ‘అన్న’ కావాల్సి వస్తే కంజంక్షన్. ‘అన్న’ కూడా ‘అను’ నుంచి పుట్టిన విశేషణమే కదా అంటే, దాని ముందు ‘తెలుసు’ దగ్గర వాక్యం పూర్తయిపోయింది చూడమన్నారు. ‘దట్’ బదులు ‘విచ్’ పెట్టి చూసి, నప్పితే రిలేటివ్ ప్రొనౌన్ అనుకునే పద్ధతీ ఉంది. కానీ చెవికి ఇంగ్లీష్ అలవాటు లేని పిల్లలకి ఏది నప్పిందో ఎలా తెలుస్తుంది? తెలుగు మాత్రం మా నోట్లోనే ఉంది.

ఏడాది చివర్లో ఒక పాతకాలపు వాక్యం ఇచ్చారు: ‘దేర్ ఈజ్ నో మదర్ బట్ లవ్స్ హర్ చైల్డ్’. ‘బట్’ కంజంక్షనే అని క్లాసంతా అరిచాం. ఆయన ఏమీ అనకుండా అరచేయి అడ్డం పెట్టారు. ‘లవ్స్ హర్ చైల్డ్’. కర్త లేదు. క్లాసు నిశ్శబ్దమైపోయింది. వెనక బెంచీలోంచి ఒకమ్మాయి లేచి మెల్లగా అంది, “బిడ్డను ప్రేమించని తల్లి లేదు, సార్.”

‘ప్రేమించని’ కింద మాస్టారు రెండు గీతలు గీశారు.