ఇదేం ఆటమ్మా?

మా అక్క కూతురు అనంతపురంలో సాఫ్ట్‌బాల్ ఆడుతుంది, బేస్‌బాల్ లాంటి ఆట. స్పోర్ట్స్ కోటా అప్లికేషన్ కోసం దాన్ని తీసుకుని ఒక ఆఫీసుకి వెళ్తే, కౌంటర్లో ఆయన సర్టిఫికెట్ అటూ ఇటూ తిప్పి "ఇదేం ఆటమ్మా, టెన్నిస్ బాల్ క్రికెట్టా?" అన్నాడు. పాప నవ్వింది, నాకే ఒళ్లు మండింది.

1996లో ఒలింపిక్స్‌లోకి వచ్చిన ఆట ఇది. 2008 తర్వాత తీసేశారు, టోక్యోలో మళ్లీ పెట్టారు, పారిస్‌లో లేదు, 2028 లాస్ ఏంజెలెస్‌లో ఉంది. వాళ్లు పెడుతూ తీస్తూ ఉంటే ఇక్కడ పిల్లల వయసు ఆగుతుందా?

చిన్న ఆటలకు సంఘాల గొడవ ఇంకో తలనొప్పి. రెండు సంఘాలుంటే రెండూ మేమే అసలు అంటాయి, గుర్తింపు లేనిదాని కింద ఆడితే ఆ కాగితం కోటాకు పనికిరాదు, ఆ సంగతి ఆడే పిల్లకు ముందు ఎవరూ చెప్పరు. 2020లో కేంద్రం తన ఉద్యోగాల స్పోర్ట్స్ కోటా జాబితాను 43 ఆటల నుంచి 63కి పెంచింది, టగ్ ఆఫ్ వార్ (తాడు లాగే ఆట), మల్లఖంబ్ (స్తంభం మీద చేసే విన్యాసాలు) కూడా చేరాయి. మంచిదే. కానీ జాబితాలో పేరుంటే గ్లవ్స్ రావు కదా, మా పాప గ్లవ్ మా బావ శనక్కాయలు అమ్మిన డబ్బుతో కొన్నదే.

ఇప్పుడు సంఘం లెటర్ తెమ్మన్నారు. అందులో ఏమేం రాయించాలో తెలిసినవాళ్లు చెప్పండి, సోమవారం మళ్లీ వెళ్లాలి.