ఫాదర్ గారింట్లో పెళ్ళి పంచాయితీ

ఈ బుధవారం పెద్దగా పనుల్లేవనుకున్నాను. సాయంత్రం స్త్రీల సమాజం, అంతే. పదింటికల్లా మా సంఘంలో ఒకాయన రొయ్యల చెరువు దగ్గర్నుంచి తడికాళ్ళతోనే వచ్చేశాడు. అమ్మాయికి సంబంధం కుదిరిందండి అయ్యగారూ, అబ్బాయి వాళ్ళు ఆర్‌సీఎం (రోమన్ కతోలికులు) అండి, మరి పెళ్ళి ఏ గుడిలోనండి, అని.

భీమవరం వైపు కాలవగట్టు మీద నేను పాస్టరుగా ఉన్న మా లూథరన్ (ప్రొటెస్టెంట్) గుడికీ ఫాదర్ గారి కతోలిక గుడికీ మధ్య దూరం ఎంతో లేదు. మధ్యాహ్నం వెళ్ళాను. మా ఆవిడ పంపిన చింతచిగురు రొయ్యల క్యారేజీ చూసి, పెళ్ళి సంగతి తర్వాత, ముందు భోజనం అన్నారాయన. వాళ్ళ వంటమనిషి సాంబారు గురించి ఇక్కడ ఏమీ రాయను.

అమ్మాయికి మేమిచ్చిన బాప్తిస్మం వాళ్ళకి చెల్లుతుంది. నీళ్ళతో, తండ్రి కుమార పరిశుద్ధాత్మ నామంలో ఇచ్చిందే కాబట్టి మళ్ళీ ఇవ్వరు. పెళ్ళికి మాత్రం ఏలూరు బిషప్ గారి అనుమతి కావాలి, అది మా గుడిలో జరగాలంటే ఇంకో మినహాయింపు కూడా. రెండు గుళ్ళలో రెండుసార్లు చేసేద్దామని అమ్మాయి తండ్రి ఆశ, అది వాళ్ళ చట్టం ఒప్పుకోదు, నాకూ ఇష్టం లేదు. ఒకసారి ప్రమాణం చేశాక మళ్ళీ చేయడమేంటి?

అసలు పేచీ పుట్టబోయే పిల్లల దగ్గర. వాళ్ళని కతోలిక విశ్వాసంలో పెంచడానికి చేతనైనంత చేస్తానని అబ్బాయి మాటివ్వాలి. ఒకప్పుడు అమ్మాయి కూడా ఇవ్వాల్సి వచ్చేది, 1970లో ఆరవ పౌలు పోపు గారు సడలించాక ఆమెకి తెలియజేస్తే చాలు. అయినా నాకు మింగుడు పడదు, ఆ మాట ఫాదర్ గారి మొహం మీదే అనేశాను. నీతిమంతులుగా తీర్చబడటం, అంటే దేవుడు మనిషిని ఎలా అంగీకరిస్తాడన్న పాత తగువు గురించి, 1999లోనే ఆగ్స్‌బర్గ్‌లో మీవాళ్ళూ మావాళ్ళూ సంతకాలు పెట్టేశారు కదా ఫాదర్ గారూ, పిల్లల దగ్గరికొచ్చేసరికి ఏమైంది అంటే, ఆ కాగితంలో పిల్లల ఊసు లేదండీ అంటూ పెరుగు వడ్డించారు. తర్వాత కాస్త ఆగి, "మా నియమం ఇదండీ పాస్టర్ గారూ, మీకు నచ్చదని తెలుసు, దాచిపెట్టి పెళ్ళి చేయించలేను కదా" అన్నారు.

నాకు ఆయన మీద గురి కుదిరింది ఇలాంటి మాటల వల్లే. జనవరిలో 18 నుంచి 25 దాకా క్రైస్తవ ఐక్యతా వారమని స్టేజీ మీద శాలువాలు కప్పుకుంటాం, అందరం ఒక్కటే అంటాం, దిగాక ఎవరి బండి వాళ్ళు ఎక్కుతాం. దానికన్నా ఈ పేచీయే నయం.

పెళ్ళిలో ప్రభు భోజన సంస్కారం (రొట్టె, ద్రాక్షరసం పంచడం) వద్దని ఇద్దరం అనుకున్నాం. పెడితే బంధువుల్లో సగంమంది లేచి రావాలి, సగంమంది కూర్చుండిపోవాలి. నా చేతి రొట్టె ఆయన తీసుకోరు, ఆయన బలిపూజలో (మాస్‌లో) ఇచ్చే సత్ప్రసాదం నేనడగను. ఇన్నేళ్ళుగా ఒకరింటి కూర ఒకరం తింటున్నాం కానీ ఆ బల్ల దగ్గరికొచ్చేసరికి ఆగిపోతాం, దాన్ని తేలిగ్గా తీసుకోవడం నాకు చేతకాదు, ఆయనకీ కాదు. ఎన్ని కబుర్లు చెప్పుకున్నా ఈ విషయం దగ్గర ఇద్దరికీ మాటలు తగ్గిపోతాయి.

చివరికి మా గుడి అనే తేలింది. ప్రమాణాలు నేను చేయిస్తాను, ఆయన వచ్చి వాక్యం చదివి ఆశీర్వాద ప్రార్థన చేస్తారు. ఏలూరు నుంచి జవాబు వచ్చేదాకా శుభలేఖలు అచ్చుకివ్వొద్దని అమ్మాయి తండ్రికి ఫోన్‌లో గట్టిగా చెప్పాను. ఆయ్, అలాగేనండి అన్నాడు. అప్పటికే శుభలేఖ డిజైన్ చుట్టాలందరికీ వాట్సాప్‌లో పంపేశాడట.