అమ్మ లెక్క

ఏటిసూతకం తీరేదాకా యాత్రలకు వెళ్ళకూడదన్నారు పెద్దవాళ్ళు. అమ్మ 2024 జనవరిలో పోయింది. ఆ ఏడు శివరాత్రికి మా వీధివాళ్ళంతా శ్రీశైలం బస్సెక్కుతుంటే అరుగు మీద కూర్చుని చూశాను. సంవత్సరీకం పెట్టాక, 2025 ఫిబ్రవరిలో, అమ్మ గుడ్డసంచీ భుజాన వేసుకుని ఒక్కణ్ణే బయల్దేరాను. అందులో రెండు జతల బట్టలు, అటుకులు, శిఖరేశ్వరం దగ్గర నందికి వేసే నువ్వుల పొట్లం. అమ్మ ఎప్పుడూ సర్దుకునేవి అవే.

మాది చీరాల. నేతపని. శ్రీశైలంతో మా ఊరికి ఉన్న చుట్టరికం కూడా ఆ పనిదే. శివరాత్రి నాడు మల్లన్న పెళ్ళికొడుకు కావాలంటే తలపాగా చుట్టాలి. ఆ పాగా మా చీరాల వైపు దేవాంగుల ఇంట్లో నేస్తారు, రోజుకో మూర చొప్పున, ఏడాది పొడుగునా. నేసేది మా కుటుంబం కాదు. అయినా అమ్మ దాన్ని "మన గుడ్డ" అనేది.

నాన్న పోయేనాటికి నాకు తొమ్మిదేళ్ళు. మగ్గం మీద పడుగు, అంటే నిలువు పోగులు, సగంలో ఉంది. అప్పటిదాకా అమ్మ పని రాట్నం తిప్పి కండెలు చుట్టడం వరకే. కర్మ అయిన మర్నాడు పొద్దున్నే లేచి చూస్తే మగ్గం గుంటలో కూర్చుని ఉంది. అడ్డపోగును మోసే నాడె విసిరితే అవతలికి పోవడం లేదు, మధ్యలో పడిపోతోంది. తీస్తోంది, మళ్ళీ విసురుతోంది. ఏడవడం లేదు. నాకు భయమేసి, మాట్లాడకుండా వెళ్ళి కండెలు అందించడం మొదలుపెట్టాను.

వానాకాలం వస్తే గుంటలో నీళ్ళు ఊరేవి. చెంబుతో తోడి పోసి, గోనెపట్టా మడిచి కాళ్ళ కింద వేసుకుని నేసేది. దానికి బాధపడగా చూడలేదు గానీ, కూలి దగ్గర మాత్రం ఒకసారి బాగా కష్టపెట్టుకుంది. పడుగు ఇచ్చే షావుకారు ఒకాయన చీర జానెడు తక్కువొచ్చిందని డబ్బు కోసేశాడు. అమ్మకు చదువు రాదు. ఆ సాయంత్రం నుంచి మగ్గం పక్క గోడ మీద బొగ్గుతో గీతలు పెట్టడం మొదలుపెట్టింది. మూరకో గీత. మోచేతి నుంచి వేలి కొస దాకా గుడ్డ మీద ఆనించి కొలుచుకుని, లేచి, గీత గీసి, మళ్ళీ గుంటలో దిగేది. రెండు నెలలు పోయాక షావుకారు మళ్ళీ తక్కువంటే ఆయన్ని ఇంటికి పిలిచి గోడ చూపించింది. ఆయన ఆ కోసిన డబ్బు ఇవ్వలేదు. కానీ ఆ తర్వాత ఎప్పుడూ తక్కువన్న మాట అనలేదు.

నాన్న పోయిన రెండో ఏడాది మొదటిసారి శ్రీశైలం వెళ్ళాం. అక్కడి నుంచి ఏటా వెళ్ళింది. దారిలో త్రిపురాంతకం దగ్గర దిగాల్సిందే. అది శ్రీశైలానికి తూర్పు ద్వారం. "వాకిట్లో పలకరించకుండా ఇంట్లోకి ఎట్లా పోతాంరా" అనేది. ఈసారి నేనూ దిగాను. మళ్ళీ బస్సెక్కి దోర్నాల దాటితే నల్లమల. ఎండిన అడవిలో మోదుగపూలు ఎర్రగా ఉన్నాయి. ఇరుముళ్ళు నెత్తిన పెట్టుకుని శివస్వాములు రోడ్డు వారగా నడుస్తున్నారు.

శిఖరేశ్వరంలో నందిని తిప్పి, కొమ్ముల సందులోంచి గుడి శిఖరం చూస్తే మరుజన్మ ఉండదంటారు. చివరి నాలుగైదేళ్ళు అమ్మ కళ్ళకు శుక్లాలు. "కనపడిందా అమ్మా?" అంటే, "నాకు కనపడకపోతేనేం, ఆయనకు నేను కనపడతాను గదా" అంది. తీరా నేను చూస్తే, నాకూ సరిగ్గా కనపడలేదు. వెనక జనం తోస్తున్నారు. నువ్వులు వేసి వచ్చేశాను.

శివరాత్రి రద్దీలో స్పర్శ దర్శనం మాట ఉండదు, దూరం నుంచి దండం పెట్టుకుని కదలడమే. అమ్మకు దాని గురించి చింత లేదు. గుడి వెనక మల్లమ్మ కన్నీరు దగ్గర ఎక్కువసేపు కూర్చునేది. అత్తింట్లో నానా హింసలు పడ్డ హేమారెడ్డి మల్లమ్మకు స్వామి ప్రత్యక్షమైతే కారిన ఆనందబాష్పాలు అవి అని చెబుతారు. అమ్మ నమ్మేది గానీ పూర్తిగా కాదు. "అన్నీ ఆనందానివే అయ్యుండవులే" అనేది, ఆ నీళ్ళు కళ్ళకు అద్దుకుంటూ.

రాత్రి పది దగ్గర పడుతుంటే జనం సర్దుకున్నారు. పాగాలంకరణ వేళకు గుడిలో కరెంటు దీపాలన్నీ ఆర్పేస్తారు. పాగా నేసినాయన ఒంటిమీద నూలుపోగు లేకుండా పైకెక్కి, గర్భగుడి మీది విమాన శిఖరం నుంచి ముఖమండపం మీది నందుల దాకా ఆ గుడ్డ చుడతాడు. మొదటిసారి వచ్చినప్పుడు నేను గోల చేశాను, చీకట్లో ఏం కనపడుతుంది, సత్రానికి పోదాం పదమని. అమ్మ నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. "చూడకూడదురా. ఊరికే ఉండాలి, అంతే."

ఈసారి కూడా ఆ చీకట్లో ఊరికే ఉన్నాను. చుట్టూ వేలమంది ఓం నమశ్శివాయ అంటున్నారు. నా వరకు నాకు నాడె చప్పుడే వినపడింది. దీపాలు వెలిగేసరికి విమానం మీద తెల్లటి గుడ్డ. అంత ఎత్తున నేత ఎవరికీ తెలియదు. అయినా అమ్మ ప్రతిసారీ తలెత్తి చూసి, "ఎక్కడా పోగు తెగలేదు" అనేది, తనే నేసినట్టు.

సాక్షి గణపతి దగ్గర అందరూ వెళ్ళేటప్పుడే ఆగుతారు. మేం మాత్రం తిరిగొచ్చేటప్పుడు. "పని కాకముందే లెక్క రాయించుకోకూడదు" అనేది అమ్మ. ఒక చేతిలో పుస్తకం, ఒక చేతిలో గంటం పట్టుకుని, శ్రీశైలం వచ్చినవాళ్ళ పేర్లు రాసే స్వామి. అమ్మ గోత్రం, ఊరు, తన పేరు, నా పేరు గట్టిగా చెప్పి, చివర నాన్న పేరు కూడా చెప్పేది. పన్నెండేళ్ళప్పుడు అడిగాను, నాన్న రాలేదు గదా అని. "నేసేది ఆయన మగ్గం మీదే గదా" అంది.

వరుసలో నా వంతు వచ్చింది. గోత్రం చెప్పాను, ఊరు చెప్పాను, నా పేరు, నాన్న పేరు చెప్పాను. తర్వాత ఆగాను. అమ్మ లెక్కల్లో ఖచ్చితమైన మనిషి. రాని రోజు వచ్చినట్టు రాయిస్తే ఊరుకునే రకం కాదు.

"జరగండి సార్, జరగండి" అన్నారు వెనక నుంచి.

భుజం మీద సంచీ ముందుకు లాక్కుని అమ్మ పేరు చెప్పాను. గట్టిగానే.