సీజీఎల్ ఇంగ్లీషు: లిస్టులు పక్కన పెట్టాకే మార్కులొచ్చాయి

కేంద్ర ప్రభుత్వ ఉద్యోగాలకు పెట్టే సీజీఎల్ పరీక్ష ఫైనల్ లిస్టులో నా రోల్ నంబరు వచ్చింది. రెండ్రోజులుగా ఫోన్లు ఆగడం లేదు. అందరిదీ ఒకటే ప్రశ్న: కడపలో తెలుగు మీడియం చదివినోడివి, ఇంగ్లీషు ఎలా లాగావన్నా?

పోయినసారి నన్ను ముంచింది టైర్-2, అంటే రెండో దశ పరీక్షలో ఇంగ్లీషే. 45 ప్రశ్నలు, 135 మార్కులు, తప్పుకు ఒక మార్కు కోత. ఆసక్తికి ఇరవై మాటలు, నిరాసక్తతకు ఇరవై మాటలు పీడీఎఫ్‌లో బట్టీ పట్టి వెళ్లాను. పేరాలో ఖాళీలు నింపే క్లోజ్ టెస్టులో నాలుగు ఆప్షన్లూ ఆ లిస్టులోవే ఇస్తే ఏం పెట్టాలి?

తర్వాత బ్రౌన్ గ్రంథాలయంలో లావుపాటి డిక్షనరీ ముందేసుకుని మూలాలు చూడటం మొదలుపెట్టాను. ఆసక్తి మాటల్లో ఆర్డెంట్‌కి మూలం లాటిన్‌లో మండటం; ఇళ్లు తగలబెట్టే ఆర్సన్ కూడా అక్కడిదే. ఫర్వెంట్‌కి మూలం మరగడం. నిరాసక్తత లిస్టులోని నాన్‌చలాంట్ ఫ్రెంచి నుంచి వచ్చింది, దాని వెనకున్న లాటిన్ మాటకు వెచ్చగా ఉండటమని అర్థం, కేలరీ దాని చుట్టమే. నాన్‌చలాంట్ అంటే దేనికీ వేడెక్కనివాడు. మే నెల కడప ఎండలో చదివితే ఈ మూడూ జన్మలో మర్చిపోరు. ఎంథూజియాజం అంటే గ్రీకులో ఒంట్లో దేవుడుండటం, మన జాతరలో పూనకం లాంటిది. జీల్ (ఉత్సాహం), జెలసీ (అసూయ) రెండూ ఒకే గ్రీకు మాటకు పుట్టిన పిల్లలు.

నిరాసక్తత వైపు మిగతా మాటలు ఇంకా తమాషా. లిస్ట్‌లెస్‌లో లిస్టు మన పీడీఎఫ్ లిస్టు కాదు, పాత ఇంగ్లీషులో కోరిక; అది లేనివాడే లిస్ట్‌లెస్. పర్‌ఫంక్టరీ అంటే పని ఎలాగోలా వదిలించుకోవడం, అచ్చంగా మన మొక్కుబడి. డిస్‌ఇంటరెస్టెడ్ దగ్గర మాత్రం జాగ్రత్త: పరీక్షలో దాని అర్థం పక్షపాతం లేనివాడు. జడ్జి అలాగే ఉండాలి. విసుగొచ్చి ఆవలించేవాడు అన్‌ఇంటరెస్టెడ్.

'సీజీఎల్‌కా, పీహెచ్‌డీకా?' అని మా రూములో నవ్వారు. టైమ్ వేస్టని కోచింగ్‌లో ఒక సారూ అన్నారు. రోజుకో నాలుగు మాటలు, అంతే కదా నేను చేసింది! రీల్స్ చూసే టైమ్‌లో సగం చాలు. అంతసేపు కూడా కూర్చోలేనివాళ్లు నన్ను స్ట్రాటజీ అడగొద్దు.

మ్యాథ్స్, రీజనింగ్ అందరిలాగే, పాత పేపర్లు. జీకే నా అదృష్టం. టైపింగ్ మాత్రం ఇప్పుడే మొదలుపెట్టండి, 15 నిమిషాల్లో 2000 కీ డిప్రెషన్లు (మీట నొక్కులు) కొట్టాలి, టైర్-2 అయ్యాక నేర్చుకుందామంటే కుదరదు.